గేటు మీద ‘పని చేయడానికి ఉత్తమ సంస్థ’ అని ఫ్లెక్సీ కట్టారు. గేటు దగ్గర పనిచేసే వారిని ఎవరూ అడగలేదు

షిఫ్టు_బి_రణస్థలం

పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో ఉత్పత్తి విభాగంలో పనిచేస్తున్నాను. పేరు చెప్పను, దయచేసి ఎవరూ ఊహించవద్దు. ఈ సంవత్సరం మా కంపెనీకి ‘పని చేయడానికి ఉత్తమ సంస్థ’ అన్న గుర్తింపు వచ్చిందని గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ రోజు క్యాంటీనులో అందరికీ బిర్యానీ పెట్టారు. ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి లింక్‌డిన్‌లో పెట్టమని వాట్సాప్‌లో సందేశాలు కూడా వచ్చాయి. బిర్యానీ బాగుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

నా సందేహమంతా సర్వే గురించే. మామూలుగా మా ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, లాకరులో పెట్టి వెళ్లాలి. ఆ ఒక్క రోజు మాత్రం ఫోన్లు తెచ్చుకోమని చెప్పి, షిఫ్టు మారే వేళ ట్రైనింగ్ హాలులో కూర్చోబెట్టి, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయమన్నారు. మేము నింపుతూ ఉండగా సూపర్‌వైజరు వరుసల మధ్య తిరుగుతూ, “కంపెనీ పరువు మీ చేతుల్లో ఉంది, ఒకట్లూ రెండ్లూ నొక్కకండి” అని నవ్వుతూనే చెప్పారు. మాతో పాటు డ్రమ్ములు దొర్లించే, బస్తాలు ఎత్తే కాంట్రాక్టు కుర్రాళ్లను ఆ హాలులోకి పిలవనే లేదు. మా బ్లాకులో లెక్క తీస్తే మాకంటే వారే ఎక్కువ.

మా చెల్లెలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. క్వాలిటీ కంట్రోలు ల్యాబులో ఉద్యోగానికి రెండు కంపెనీల నుంచి పిలుపు వచ్చింది. ఒకదానికి ఇలాంటి అవార్డు ఉంది, రెండవదానికి లేదు. మా నాన్నగారు అవార్డు ఉన్నదానిలోనే చేరమని పట్టుబడుతున్నారు. ఈ అవార్డులు ఎవరు, ఏ లెక్కన ఇస్తారో తెలిసినవారు చెప్పగలరా?

గంటస్తంభం_దగ్గర

డబ్బు కట్టిన వారికి ఇస్తారు. చర్చ ముగిసింది, ఇక అందరూ టీ తాగడానికి వెళ్లవచ్చు.

మాజీ_హెచ్ఆర్_విజయనగరం

టీ కాస్త ఆగాలి, గంటస్తంభం గారూ. మీరు చెప్పినదానిలో సగమే నిజం. నేను చాలాకాలం విశాఖలోనూ హైదరాబాదులోనూ మానవ వనరుల విభాగంలో పనిచేశాను, ఇలాంటి దరఖాస్తులు స్వయంగా నింపాను కూడా.

ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇది ఒకే అవార్డు కాదు. దాదాపు ఒకే పేరుతో చాలా గుర్తింపులు ఉన్నాయి, వాటి లెక్కలు వేరు వేరు. అందరూ ఎక్కువగా వినే ‘గ్రేట్ ప్లేస్ టు వర్క్’ అన్నది అమెరికాలో ఇద్దరు పాత్రికేయులు 1984లో తెచ్చిన ఒక పుస్తకం నుంచి మొదలైంది. 1990ల మొదట్లో దానికి ఒక సంస్థ ఏర్పడింది, 1998 నుంచి ఫార్చ్యూన్ పత్రిక అక్కడి వంద కంపెనీల జాబితాను ఏటా ప్రచురిస్తోంది. ఇప్పుడు మన దేశంతో సహా అనేక దేశాల్లో అది నడుస్తోంది. కంపెనీయే ముందుకు వచ్చి రుసుము కట్టి చేరుతుంది. ఉద్యోగులకు ఒక ప్రశ్నావళి ఇస్తారు. యాజమాన్యం మాట నమ్మదగినదా, ఉద్యోగిని గౌరవిస్తున్నారా, పక్షపాతం లేకుండా చూస్తున్నారా, చేసే పని పట్ల గర్వం ఉందా, తోటివారితో సఖ్యత ఉందా అన్న ఐదు అంశాల చుట్టూ ఆ ప్రశ్నలు తిరుగుతాయి. దీనికి తోడు తాము ఏమేమి చేస్తున్నామో కంపెనీ రాసి ఇచ్చే నివేదిక ఒకటి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. సర్టిఫికెట్ వేరు, జాబితా వేరు. నిర్ణయించిన మార్కు దాటిన ప్రతి సంస్థకూ పన్నెండు నెలలు చెల్లే సర్టిఫికెట్ వస్తుంది, అందులో పోటీ ఏమీ లేదు. ర్యాంకుల జాబితాలో చోటు దక్కడం అంతకంటే కష్టం. ఫ్లెక్సీ మీద ఈ రెండింటిలో ఏది రాశారో ఒకసారి దగ్గరికి వెళ్లి చదవండి.

రెండవ రకం గ్లాస్‌డోర్, యాంబిషన్‌బాక్స్ వంటివి. ఉద్యోగులు ఆ వెబ్‌సైట్లలో పేరు చెప్పకుండా రాసే అభిప్రాయాల నుంచి వాటి జాబితాలు తయారవుతాయి. గ్లాస్‌డోర్ అవార్డుకైతే కంపెనీ దరఖాస్తు చేసుకునే వీలే లేదు. మూడవ రకం నెదర్లాండ్స్‌కు చెందిన టాప్ ఎంప్లాయర్స్ ఇన్‌స్టిట్యూట్ వంటిది. అక్కడ ఉద్యోగుల అభిప్రాయాల కంటే హెచ్ఆర్ విధానాలు ఎలా ఉన్నాయన్నదే పరిశీలిస్తారు.

డబ్బు కడితే మార్కులు రావు. కాని మొదటి రకంలోనూ మూడవ రకంలోనూ, డబ్బు కట్టని కంపెనీ ఎంత మంచిదైనా అసలు పోటీలోనే ఉండదు. మీ చెల్లెలికి వచ్చిన రెండవ కంపెనీకి అవార్డు లేదంటే అది చెడ్డదని కాదు, అడగలేదని మాత్రమే అర్థం కావచ్చు.

షిఫ్టు_బి_రణస్థలం

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మరి కాంట్రాక్టు కుర్రాళ్ల సంగతి ఏమిటి? వారిని లెక్కలోకి తీసుకోకపోవడం మా కంపెనీ చేసిన తప్పా, లేక నియమమే అలా ఉందా?

మాజీ_హెచ్ఆర్_విజయనగరం

నియమమే అలా ఉంది. కంపెనీ సొంత జీతాల పట్టీలో ఉన్నవారినే సర్వే అడుగుతుంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు, కాగితం మీద చూస్తే, ఆ కాంట్రాక్టరు ఉద్యోగులు. మెదడుతో మాత్రమే నడిచే కంపెనీలో ఈ తేడా పెద్దగా కనిపించదు. మన పారిశ్రామికవాడల్లో మాత్రం సగం ప్లాంటు ఆ గీతకు అవతలే ఉంటుంది.

వార్డు_సిస్టరు

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. మాకూ రెండేళ్ల కిందట ఇలాంటి సర్వే పెట్టారు. పేరు అడగలేదు, నిజమే. కాని విభాగం, వయస్సు, స్త్రీయా పురుషుడా, సర్వీసు ఎంత అన్నవన్నీ మొదటి పేజీలోనే అడిగారు. డయాలిసిస్ విభాగంలో నలభై దాటి, పదేళ్ల సర్వీసు ఉన్న స్త్రీ నేను ఒక్కదాన్నే. ఇక పేరు రాయకపోతే ఏమిటి, రాస్తే ఏమిటి? రాత్రి డ్యూటీల గురించి రాయాలనుకున్న మాటలన్నీ చెరిపేసి, అన్నింటికీ నాలుగు నొక్కి ఇచ్చేశాను.

మాజీ_హెచ్ఆర్_విజయనగరం

సిస్టరు గారూ, సర్వే నిర్వహించే బయటి సంస్థ సక్రమంగా పనిచేస్తే, మరీ కొద్దిమంది ఉన్న విభాగం జవాబులను విడిగా యాజమాన్యానికి చూపదు. అది ఈ రంగంలో సాధారణ నియమం.

వార్డు_సిస్టరు

ఆ నియమం ఉందని మాకు ముందుగా ఎవరైనా చెప్పి ఉంటే నేను నాలుగు నొక్కి ఉండేదాన్ని కాదు కదండీ. చెప్పవలసినవారే చెప్పలేదు.

ఇంటి_నుంచి_కోడింగ్

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండవ వైపు నేను తీసుకుంటాను. బెంగళూరు కంపెనీకి విజయనగరం నుంచే పనిచేస్తున్నాను. మా దగ్గర సర్వేలో ‘పక్షపాతం లేకుండా చూస్తున్నారా’ అన్న భాగానికి మార్కులు బాగా తగ్గాయి. ప్రమోషన్లు ఎలా ఇస్తున్నారో ఎవరికీ తెలియడం లేదని చాలామంది రాశారు. మరుసటి సంవత్సరం నుంచి ప్రమోషన్ల ప్రమాణాలు కాగితం మీద పెట్టి అందరికీ పంపారు. అవార్డు మీద ఆశ లేకపోతే యాజమాన్యం ఆ సర్వే చేయించేదే కాదు.

ఇంకొక విషయం. అలెక్స్ ఎడ్మన్స్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు అమెరికా వంద కంపెనీల జాబితాను 1984 నుంచి పరిశీలించి, అందులో ఉన్న కంపెనీల షేర్లు తోటి కంపెనీల కంటే ఏటా 2.3 నుంచి 3.8 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయని తేల్చారు. జాబితాలో ఏ సారమూ లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

గంటస్తంభం_దగ్గర

ఆ 3.8 శాతం షేర్లు కొన్నవారికి వచ్చింది, తమ్ముడూ. డ్రమ్ము దొర్లించిన కుర్రాడికి ఎంత వచ్చిందో కూడా ఆ ఆచార్యుల వారు లెక్క తీసి ఉంటే చెప్పు.

పైగా అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కూడా అదే ఫార్చ్యూన్ జాబితాలో కూర్చున్నదే. 2001 డిసెంబరులో దివాలా తీసింది, పింఛను డబ్బంతా ఆ కంపెనీ షేర్లలోనే పెట్టుకున్న ఉద్యోగులు నిలువునా మునిగిపోయారు. అంత దూరం ఎందుకు, మన సత్యం కంప్యూటర్స్‌కు 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, 2009 జనవరి మొదటి వారంలో లెక్కలన్నీ బూటకమని ఛైర్మనే ఉత్తరం రాశారు.

ఇంటి_నుంచి_కోడింగ్

సత్యంకు ఇచ్చినది కార్పొరేట్ పాలనకు సంబంధించిన అవార్డు, పనిప్రదేశం అవార్డు కాదు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఎన్రాన్ విషయంలోనూ ఉద్యోగులు అబద్ధం చెప్పలేదు, వారికి ఆ కంపెనీ నిజంగానే నచ్చింది. లెక్కల్లో మోసం జరుగుతోందా అన్న ప్రశ్న ఆ సర్వేలో ఉండదు. థర్మామీటరు రక్తపోటు చూపలేదని దాన్ని విరగ్గొట్టం కదా.

వార్డు_సిస్టరు

థర్మామీటరు పోలిక బాగుంది. కాని మా దగ్గర థర్మామీటరును రోగి నోట్లో పెట్టి, సూపర్‌వైజరు పక్కనే నిలబడి “తొంభై ఎనిమిది రావాలి సుమా” అని చెప్పడు.

కాశీబుగ్గ_జీడిబట్టీ

ఇక్కడ అందరూ పెద్ద కంపెనీల గురించే మాట్లాడుతున్నారు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమలో పనిచేసే వేలాది ఆడవాళ్ల దగ్గరికి ఏ అవార్డు వస్తుంది? పిక్క కొట్టేవారి వేళ్లకు జీడి రసం అంటి తోలు ఊడిపోతుంది. బూడిద రాసుకుంటూ పనిచేస్తారు. పొట్టు తీసేవారికి కిలోల లెక్కన కూలి. పప్పు విరిగితే గ్రేడు పడిపోతుంది కనుక సాయంత్రం తూకం దగ్గర మాటలు పడాలి.

అయినా ఇందులో మంచివారు లేరని కాదు. మా వదిన పనిచేసే చోట యజమాని జూన్‌లో బడులు తెరిచే వేళకు పిల్లల పుస్తకాలకని వడ్డీ లేకుండా అడ్వాన్సు ఇస్తారు, చేతి తొడుగులు చిరిగితే అడగకుండానే కొత్తవి తెప్పిస్తారు. పక్క బట్టీవారు కిలోకు రూపాయి ఎక్కువ ఇస్తామన్నా అక్కడి నుంచి ఎవరూ కదలలేదు. నన్ను అడిగితే మా జిల్లాలో ఉత్తమ పనిప్రదేశం అదే. కాని దానికి ఫ్లెక్సీ కట్టేవారు లేరు.

బొబ్బిలి_గ్రోత్‌సెంటర్

అన్నా, కోపగించుకోవద్దు. వారు కదలకపోవడానికి కారణం అభిమానమా, అడ్వాన్సా? తీసుకున్న అడ్వాన్సు తీర్చేదాకా పని మానడానికి లేదన్న షరతు ఉంటే, వడ్డీ లేకపోయినా అది కాలికి కట్టిన తాడే.

కాశీబుగ్గ_జీడిబట్టీ

అడగవలసిన ప్రశ్నే అడిగావు, తమ్ముడూ. కొన్ని చోట్ల నువ్వు చెప్పినట్లే జరుగుతుంది, కాదనను. మా వదిన చోట మాత్రం దసరా నాటికి అడ్వాన్సు తీరిపోతుంది. తీరిన తర్వాత కూడా ఉన్నారు కనుకనే చెప్పాను.

గోనెసంచి_మాస్టారు

నేను జూట్ మిల్లులో బాచింగ్ విభాగంలో చేరి, స్పిన్నింగ్‌లో పదవీ విరమణ చేసిన మనిషిని. మా రోజుల్లో ఈ సర్వేలు లేవు. మే డే నాడు రాష్ట్ర ప్రభుత్వం శ్రమశక్తి పురస్కారాలు, ఉత్తమ యాజమాన్య పురస్కారాలు ఇచ్చేది. వాటి కోసం కార్మిక శాఖ అధికారులు మిల్లుకు వచ్చి రికార్డులు చూసేవారు, యూనియన్ల వారిని కూడా పిలిచి మాట్లాడేవారు. ఆ పద్ధతిలోనూ పైరవీలు ఉండేవి కాని, కనీసం అవతలి పక్షాన్ని అడిగేవారు.

షిఫ్టు_బి బాబుకు నేను చెప్పేది ఒక్కటే. ఇప్పుడు లోపల ఉన్నవారిని ఎవరైనా అడుగుతారు, బయటికి వచ్చినవారిని అడగండి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం, ఐదేళ్లు నిండిన మనిషి బయటికి వస్తే, సంవత్సరానికి పదిహేను రోజుల వేతనం చొప్పున లెక్క కట్టి ముప్పై రోజుల్లో చేతికి ఇవ్వాలి. మా మిల్లు తాళం పడిన తర్వాత నాతో పాటు దిగిపోయినవారిలో ఆ సొమ్ము చూడకుండానే కన్ను మూసినవారు ఉన్నారు. మిల్లు ఆఫీసులో మాత్రం అద్దాల బీరువా నిండా కప్పులు, షీల్డులు ఉండేవి, వాటి మీద దుమ్ము తుడవడానికి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషికీ గ్రాట్యుటీ రాలేదు.

గంటస్తంభం_దగ్గర

మాస్టారూ, మీరు చెప్పిన తర్వాత నాకు జోకు వేయడానికి ఏమీ మిగలలేదు.

అరసవల్లి_లక్ష్మి

చెల్లెలి విషయానికి వస్తాను. నేను అదే పారిశ్రామికవాడలో ల్యాబులో కొన్నాళ్లు పనిచేసి మానేశాను. ఆడపిల్ల చేరే ముందు అవార్డు కంటే ముఖ్యంగా కనుక్కోవలసినవి వేరే ఉన్నాయి. రాత్రి నడిచే సి షిఫ్టుకు కంపెనీ బస్సు ఇంటి వీధి చివరి దాకా వస్తుందా, లేక హైవే మీదే దించేసి వెళ్లిపోతుందా? నన్ను తెల్లవారుజామున చీకట్లో హైవే మీదే దించేవారు, మా నాన్నగారు స్కూటరు వేసుకుని రోజూ వచ్చి నిలబడేవారు. నేను మానేయడానికి అదే కారణం, జీతం కాదు.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను ఆపడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షత వహించేది స్త్రీయే అయి ఉండాలి. కమిటీలో ఎవరున్నారో నోటీసు బోర్డు మీద పేర్లు ఉన్నాయేమో ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడే చూడమనండి. యాభైమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే పిల్లల సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఉందని కాగితం మీద అందరూ రాస్తారు. తలుపు తాళం తుప్పు పట్టిందో లేదో చూస్తే తెలుస్తుంది.

బొబ్బిలి_గ్రోత్‌సెంటర్

లక్ష్మి గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. పీఎఫ్ సంస్థ వెబ్‌సైటులో ఏ కంపెనీ పేరు కొట్టినా, ఏ నెలకు ఎంతమంది పేరున ఎంత సొమ్ము ఏ తేదీన కట్టారో ఎవరైనా చూడవచ్చు, దానికి పాస్‌వర్డు అక్కరలేదు. ప్రతి నెలా సొమ్ము మరుసటి నెల పదిహేనో తేదీలోగా జమ కావాలి. ఏడాది పొడవునా తేదీలు సరిగా ఉంటే ఆ కంపెనీలో డబ్బు సక్రమంగా తిరుగుతోందని అర్థం. ఇంకొక సూక్ష్మం ఏమిటంటే, కంపెనీ తనకు మూడు వేలమంది పనివారు ఉన్నారని పత్రికల్లో చెప్పుకుంటూ, పీఎఫ్ లెక్కలో తొమ్మిది వందలే కనిపిస్తే, మిగిలినవారిలో చాలామంది కాంట్రాక్టరు ఖాతాలో ఉండవచ్చు. సర్వేకు జవాబు చెప్పినవారు ఆ తొమ్మిది వందల నుంచే వచ్చారు.

ఇంటి_నుంచి_కోడింగ్

ఇది నిజంగా పనికివచ్చే మాట. మా కంపెనీది ఇప్పుడే చూశాను, తేదీలు సరిగానే ఉన్నాయి. మా ఆఫీసులో హౌస్‌కీపింగ్ వారు ఆ లెక్కలో లేరు. అది మాత్రం నేను ఇంతవరకు ఆలోచించలేదు.

షిఫ్టు_బి_రణస్థలం

మీరందరూ చెప్పినవి చెల్లెలికి చదివి వినిపించాను. రెండు కంపెనీల పీఎఫ్ లెక్కలూ చూసింది, రెండింటి తేదీలూ బాగానే ఉన్నాయి. బస్సు సంగతి ఫోన్ చేసి అడిగితే అవార్డు లేని కంపెనీవారు రూటు కాగితం వాట్సాప్‌లో పంపారు, అందులో మా ఊరి రామమందిరం స్టాపు ఉంది. అవార్డు ఉన్నవారు “చేరిన తర్వాత చూద్దాం” అన్నారు. నాన్నగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కాని, రామమందిరం స్టాపు అనగానే కొంచెం మెత్తబడ్డారు.

నాకు మిగిలిన సందేహం మా కాంట్రాక్టు కుర్రాళ్లది. చాలామందికి తమ కాంట్రాక్టరు ఎవరో కూడా తెలియదు, మేస్త్రీ పేరు మాత్రమే తెలుసు. వారి పీఎఫ్ ఎక్కడ చూడాలి?

మాజీ_హెచ్ఆర్_విజయనగరం

యూఏఎన్, అంటే ప్రతి పీఎఫ్ సభ్యుడికీ ఇచ్చే శాశ్వత నంబరు, ఉంటే పాస్‌బుక్ తెరిచి చూడమనండి, సొమ్ము కట్టే సంస్థ పేరు అందులోనే ఉంటుంది. నంబరు తెలియకపోతే జీతం చీటీ మీద దొరకవచ్చు. ప్రభుత్వం వారి ఉమంగ్ యాప్‌లోనూ ప్రయత్నించవచ్చు. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమాని, అంటే మీ కంపెనీయే, చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, దాని స్థానంలో తెచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యతను అలాగే ఉంచారు. పీఎఫ్ విషయంలోనూ ప్రధాన యజమాని తప్పించుకోలేడు.

షిఫ్టు_బి_రణస్థలం

నిన్న షిఫ్టు దిగి గేటు బయట బస్సు కోసం నిలబడినప్పుడు ఒక కుర్రాడి ఫోన్‌లో తెరిచి చూశాము. సొమ్ము కడుతున్నది విశాఖపట్నం చిరునామాతో ఉన్న ఎవరో కాంట్రాక్టరు. జీతంలో కోత ప్రతి నెలా పడుతోంది కాని, ఖాతాలో జమ గత మూడు నెలలుగా లేదు. అది చూసి మిగతావారూ ఫోన్లు తీశారు, ఇద్దరికి ఓటీపీ వెళ్లిన నంబరు మేస్త్రీదని తేలింది.

మాజీ_హెచ్ఆర్_విజయనగరం

ఓటీపీ మేస్త్రీ నంబరుకు వెళ్తున్నవారు ముందుగా ఆధార్‌కు జతపడిన తమ సొంత నంబరును నమోదు చేయించుకోవాలి. జమ పడనివారు జీతం చీటీ, పాస్‌బుక్ తెర రెండూ ఫొటో తీసి పెట్టుకుని, పీఎఫ్ సంస్థ వారి ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టవచ్చు. ఫిర్యాదులో కాంట్రాక్టరు పేరుతో పాటు మీ కంపెనీ పేరు తప్పకుండా రాయమనండి.

గోనెసంచి_మాస్టారు

బాబూ, ఒక్కొక్కరుగా పెట్టవద్దని చెప్పు. ఒక్కడి పేరు కనిపిస్తే మేస్త్రీ రేపటి నుంచి వాడిని గేటు లోపలికి పిలవడు. పదిమంది ఒకే రోజున పెట్టాలి.

షిఫ్టు_బి_రణస్థలం

సరే మాస్టారూ. ఆరుగురు ఒప్పుకున్నారు, మిగిలినవారు జీతాలు పడిన తర్వాత చెబుతామన్నారు. ఏడవ తేదీన జీతాలు. ఎనిమిదిన అందరం రణస్థలంలో కూర్చుని పెడతాము.